పరాయి దేశంలో అద్దె ఇల్లు – 4వ పాఠం: అంకె వెనుక ఉన్న అద్దె

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన పట్టికలన్నీ చదివాను. వెళ్లబోయే ఊళ్లో నచ్చిన మూడు ఇళ్ల ప్రకటనలు తీసుకుని, ఒక్కో ఇంటికి అద్దె, గదులు, దూరం రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే గడి దగ్గర తడబడ్డారు. ప్రకటనలో ఉన్న అద్దె అంకెను ఉన్నది ఉన్నట్టు దించి, పక్కనే రూపాయల్లోకి మార్చి, తక్కువ వచ్చిన ఇంటికి మొదటి స్థానం ఇచ్చారు. నంద్యాల నుంచి రాసిన అబ్బాయి ఆ లెక్కను నమ్మి అడ్వాన్సు కట్టడానికి కూడా సిద్ధమయ్యాడు. ఆ అంకెను ఎలా చదవాలో నేను చెప్పకపోవడం వల్ల జరిగిన పొరపాటు ఇది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న ఒప్పంద పత్రం పాఠాన్ని వెనక్కి జరిపాను. ముందు ఈ ముడి విప్పుకుందాం.

కర్నూలులో టు-లెట్ బోర్డు చూసి గేటు తీసినప్పుడు, ఇంటాయన నెలకు ఇంత అనగానే అందులో ఏం కలిసిందో, ఏం కలవలేదో మనకు తెలిసిపోతుంది. కరెంటు మీటరు మనది. నీళ్ల మోటారు బిల్లు ఎవరిదో ఒక్క మాటలో తేలుతుంది. మిగతాదంతా అడగకుండానే తెలిసిన వ్యవహారం. దేశం దాటగానే ఆ అడగకుండా తెలిసిన భాగం మొత్తం పోతుంది. అంకె మాత్రం అలాగే ఉంటుంది, మనం దాన్ని కర్నూలు కళ్లతో చదువుతాం.

జర్మనీ ప్రకటనల్లో రెండు అద్దెలు కనిపిస్తాయి. ఒకటి కాల్ట్‌మీటె, మాటకు మాట చల్లని అద్దె. అది ఉత్త ఇంటికి కట్టేది. రెండోది వార్మ్‌మీటె, వెచ్చని అద్దె. నీళ్లు, చెత్త, మెట్లు శుభ్రం చేయించడం, చాలా ఇళ్లలో గదులు వేడి చేసే ఖర్చు ఇందులో కలుస్తాయి. ఇంట్లో వాడుకునే కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా రెండింటికీ బయటే. ఒక పాఠకురాలి పట్టికలో మొదటి ఇల్లు 620 యూరోలు, రెండోది 790. ఆమె మొదటిది ఎంచుకున్నారు. ప్రకటన మళ్లీ తెరిచి చూస్తే 620 చల్లని అద్దె, దాని కింద చిన్న అక్షరాల్లో అదనపు ఖర్చులు 190. అంటే 810. రెండో ఇంటి 790 వెచ్చని అద్దే. 170 యూరోలు చవక అనుకున్న ఇల్లు నిజానికి 20 యూరోలు ప్రియం.

అక్కడితోనూ అయిపోదు. ఆ 190 కూడా అంచనాయే. ఏడాది లెక్క తేల్చినప్పుడు ఎక్కువ వాడినట్టు వస్తే మిగతా సొమ్ము కట్టాలి, తక్కువ వాడితే వెనక్కి ఇస్తారు. ఏప్రిల్, మే ఎండల్లో పెరిగిన మన ఒంటికి మొదటి శీతాకాలం హీటరు తగ్గించాలంటే చేయి రాదు. నేనైతే మొదటి ఏడాది నెలనెలా కొంత సొమ్ము ఆ లెక్క కోసం పక్కన పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.

ఆస్ట్రేలియాలో అద్దె వారానికి చెబుతారు. ఇంగ్లండులో విద్యార్థులకు ఇచ్చే గదులకూ చాలాసార్లు అంతే, అదీ మనిషికి ఇంతని. ఇక్కడే నంద్యాల అబ్బాయి లెక్క తప్పింది. వారానికి 150 పౌండ్లు అని ఉంటే నాలుగుతో గుణించి నెలకు 600 అని రాసుకున్నాడు. ఏడాదికి నాలుగు వారాల నెలలు పన్నెండు ఉంటే 48 వారాలే అవుతాయి. ఉన్నవి 52. సరైన లెక్క 150ని 52తో గుణించి 12తో భాగించడం. నెలకు 650 వస్తుంది. తేడా నెలకు 50, ఏడాదికి 600 పౌండ్లు. దయచేసి నాలుగుతో గుణించకండి. ఈ ఒక్క తప్పు మీ పట్టికల్లో పదకొండు చోట్ల కనిపించింది. ఇంట్లో వాళ్లు అప్పు తెచ్చి పంపే డబ్బుతో చదువుకునేవాళ్లకు ఏడాదికి నాలుగు వారాల అద్దె ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంగ్లండులో కౌన్సిల్ పన్ను కూడా చూసుకోవాలి. ఇంట్లో ఉంటున్నవాళ్లు అక్కడి స్థానిక సంస్థకు కట్టే పన్ను అది. ఇంట్లో ఉన్నవాళ్లంతా పూర్తికాలం విద్యార్థులైతే ఆ పన్ను ఉండదు. ఉద్యోగం చేసే స్నేహితుడు ఒక్కడు మీ ఇంట్లో చేరినా లెక్క మారిపోతుంది. అద్దె పంచుకుంటాడు కదా అని చేర్చుకునే ముందు పన్ను ఎవరు కడతారో తేల్చుకోండి.

దుబాయ్‌లో అద్దె అంకె ఏడాదిది. దాన్ని ఎన్ని చెక్కుల్లో కడతారన్నది బేరం, తక్కువ చెక్కులైతే సాధారణంగా అద్దె కొంత తగ్గుతుంది. 'చిల్లర్ ఫ్రీ' అని రాసి ఉంటే ఏసీ చల్లదనం ఖర్చు అద్దెలో కలిసినట్టు. లేకపోతే వేసవిలో ఆ బిల్లు విడిగా వస్తుంది. ఇవి కాక, ఏడాది అద్దెలో 5 శాతం నగరపాలక రుసుము నెలనెలా కరెంటు, నీళ్ల బిల్లుతో కలిపి వసూలు చేస్తారు.

కాబట్టి 'అద్దె' గడిని కొట్టేసి, దాని స్థానంలో రెండు గడులు గీయండి. మొదటిది, అన్నీ కలిపి ఒక నెల ఆ ఇంట్లో ఉండటానికి అయ్యే ఖర్చు. రెండోది, తాళం చేతికి వచ్చే రోజు మన చేతిలో ఉండాల్సిన సొమ్ము. రెండూ ఆ దేశపు డబ్బులోనే రాయండి. రూపాయల్లోకి మార్చగానే గుండె జారుతుంది, గుండె జారినవాళ్లు ఊరి చివర చలి గది తీసుకుంటారు. అక్కడ మీకు వచ్చే జీతంలోనో స్టైపెండులోనో ఎంత భాగం అన్నదే చూడండి.

రెండో గడి కోసం కొన్ని కొలతలు. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. ఇంగ్లండులో మామూలు అద్దెల ఇళ్లకు 2019 చట్టం ప్రకారం ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. తీసుకున్న సొమ్మును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో నాలుగు వారాల అద్దెకు మించదు, అది ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. పది నెలల అడ్వాన్సు అడిగే బెంగళూరు చూసినవాళ్లు ఇంటివారు ఎంత అడిగినా సహజమే అనుకుంటారు. ఇంతకు మించి అడిగితే ఎందుకని అడగండి. చూడని ఇంటికి డబ్బు పంపకూడదన్నది రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను.

ఇక ఇంట్లో ఏం చూడాలన్నది. బస్సు స్టాపు, కూరగాయల కొట్టు, కాలేజీ దూరం చూసుకోవడం మీకే తెలుసు, వాటిని వదిలేస్తున్నాను.

ఎక్కువ మంది నన్ను అడిగింది వాస్తు. ఆదోని నుంచి ఒక తల్లి రాశారు: అబ్బాయికి మ్యూనిక్‌లో మంచి ఇల్లు దొరికిందట, దక్షిణం వైపు ఉందని ఇంట్లోవాళ్లు వద్దన్నారట. అమ్మా, ప్రకటనలో దక్షిణం అని రాసేది సాధారణంగా గుమ్మం గురించి కాదు, కిటికీలు, బాల్కనీ ఎటు ఉన్నాయన్న దాని గురించి. మనం కర్నూలులో పడమటి ఎండ పడని గది కోసం వెతుకుతాం. అక్కడ ఎండ పడే గది కోసం వెతకాలి. మన దగ్గర డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలు దాటుతుంది. బెర్లిన్‌లో, లండన్‌లో ఆ నెల సగానికి వచ్చేసరికి ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఆ కాస్త ఎండ కూడా దక్షిణం వైపు నుంచి, ఏటవాలుగా వస్తుంది. దక్షిణపు కిటికీ ఉన్న గది మధ్యాహ్నం కాస్త వెచ్చబడుతుంది, ఉత్తరపు గదికి ఆ ఎండ అందదు. సిడ్నీలో ఇది తిరగబడుతుంది, అక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. గుమ్మం గురించి మీ ఇంటి పద్ధతి మీరు పాటించండి. కిటికీ విషయంలో మాత్రం సూర్యుడి మాట వినండి.

తేమ గురించి కాస్త ఆగి చెప్పాలి. చలి దేశంలో కిటికీలు మూసిన ఇంట్లో అన్నం ఉడికి, బట్టలు ఆరి, ఇద్దరు స్నానం చేస్తే ఆ ఆవిరంతా చల్లని గోడ మీదే చేరుతుంది. ఇల్లు చూసేటప్పుడు, వీడియో కాల్‌లోనైనా సరే, మూడు చోట్లు దగ్గరగా చూపించమనండి. కిటికీ చట్రం కింది మూల, బయటి గోడకు ఆనించిన బీరువా వెనుక, స్నానాల గది పైకప్పు. కిటికీ మూలలో మిరియం పొడి చల్లినట్టు నల్లని చుక్కలుంటే అది తేమకు పట్టిన బూజు. ఒక్క గోడకే కొత్త సున్నం వేసి ఉంటే, ఎందుకు వేశారని అడగండి. ఇంటివారు కసిరినా పరవాలేదు. ఉబ్బసం ఉన్న పిల్లలను వెంట తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

నేల కింద ఉండే బేస్‌మెంటు ఇళ్లు చవక. 2009 అక్టోబరులో తుంగభద్ర పట్టణంలోకి వచ్చిన తర్వాత కర్నూలు వాళ్లం ఇల్లు చూడటానికి వెళ్తే నీళ్లు ఇక్కడ ఎంతవరకు వచ్చాయని ముందు అడుగుతాం. ఆ ప్రశ్నను విమానం ఎక్కేటప్పుడు ఇక్కడే వదిలేయకండి. న్యూయార్కులో 2021 సెప్టెంబరులో ఒక్క రాత్రి కురిసిన వానకు బేస్‌మెంటు ఇళ్లలో నీళ్లు చేరి మనుషులు చనిపోయారు. బయటికి వెళ్లడానికి రెండో దారి లేని నేలకింది గదిని, ఎంత చవకైనా, నేను ఎవరికీ చెప్పను.

వంటగది. జర్మనీలో నేను తీసుకున్న మొదటి ఇంటి వంటగది తలుపు తీస్తే గోడలోంచి వచ్చిన రెండు నీళ్ల గొట్టాలు, మూత బిగించిన ఒక కరెంటు తీగ కనిపించాయి. సింకు లేదు, పొయ్యి లేదు, అరలు లేవు. ముందున్నవాళ్లు తమ వంటగదిని విప్పి తీసుకెళ్లారు, అక్కడ అది మామూలే. మూడు వారాలు స్నానాల గది సింకులో గిన్నెలు కడిగాను. ప్రకటనలో 'ఈబీకే' అనే మూడక్షరాలు ఉంటే వంటగది అమర్చి ఉన్నట్టు. లేకపోతే అడగండి. తర్వాత, పొయ్యి ఇండక్షన్‌దా అని అడగండి. ఇండక్షన్ మీద అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వేడెక్కవు. అయస్కాంతం అంటుకునేవే పనిచేస్తాయి, కాబట్టి జొన్నరొట్టె కాల్చే ఇనుప పెనం అడుగు చదునుగా ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. పొయ్యి పైనున్న ఫ్యాను పొగను బయటికి పంపుతుందా, వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుందా అన్నది కూడా తెలుసుకోండి. రెండో రకమైతే ఎండుమిర్చి పోపు వేసిన ప్రతిసారీ పొగ అలారం మోగే అవకాశం ఉంది.

గదుల లెక్క దేశానికో తీరు. జర్మనీలో రెండు గదుల ఇల్లంటే ఒక పడకగది, ఒక హాలు. అమెరికాలో మొదటి అంతస్తు అంటే సాధారణంగా నేల మీదిదే.

ఈసారి అభ్యాసం పెద్దది, వారం పడుతుంది. మీ మూడు ప్రకటనల్లో ఒక్కదాని వైశాల్యం చూడండి, ఉదాహరణకు 40 చదరపు మీటర్లు. అది దాదాపు మన ఒక సెంటు. ఆ ఇంటి పటం చూసి, మీ మిద్దె మీద సుద్దతో నిజమైన కొలతల్లో గీయండి, టేపు పట్టుకుని, గోడలతో, తలుపులతో సహా. మంచం ఎక్కడ పడుతుందో, చదువుకునే బల్ల ఎక్కడో, తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారో గుర్తు పెట్టండి. సాయంత్రం చల్లబడ్డాక ఇంట్లో వాళ్లందరినీ ఆ గీతల మధ్య అరగంట కూర్చోబెట్టండి. అదే వారం రోజులు మీ ఇంట్లో పొయ్యి ఎన్ని గంటలు వెలిగిందో, ఎన్ని స్నానాలో, రాత్రి ఎవరు ఎన్నింటికి దీపం ఆర్పారో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏడో రోజు ఆ పుస్తకం ముందు పెట్టుకుని, లేకపోతే ఉండలేనివి మూడు, లేకపోయినా సర్దుకోగలిగేవి మూడు రాయండి. ఆ తర్వాతే పాత పట్టిక తీసి, కొత్త గడులు రెండూ నింపండి.

నంద్యాల అబ్బాయీ, నువ్వు అడ్వాన్సు పంపేది ఈ వారం ఆపు. నీ మూడు ఇళ్లకూ 52తో లెక్క కట్టి, ముందు నాకు పంపు.