వీలునామా రాశాక వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

వీలునామా రాసి బీరువాలో పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ తర్వాత పిల్లల పెళ్లిళ్లవుతాయి, ఓ చెలక అమ్ముకుంటాం, కాలువ కింద రెండెకరాలు పోతాయి. వీలునామాలో, నామినీ కాగితాల్లో మాత్రం పాత లెక్కే ఉంటుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో, ఏం చేయాలో చూద్దాం.

రైతుబీమా డబ్బు ఆగిపోయింది

రైతు చనిపోయాడు, తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా కింద ఇంటివాళ్లకు 5 లక్షలు రావాలి. నామినీగా ఉన్న తల్లి అంతకుముందే పోయింది. నమోదు రోజు ఇచ్చిన పేరును మళ్లీ ఎవరూ చూడకపోవడమే కారణం. ఇంట్లో దినాలు జరుగుతుండగా వారసత్వ పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఎంత నరకమో చూసినవాళ్లకు తెలుసు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులతో మీ క్లస్టర్ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలిసి పేరు మార్పించండి. ఏటా ఆగస్టు 14న కొత్త పాలసీ సంవత్సరం మొదలవుతుంది, ఆలోపే వెళ్లండి. 59 ఏళ్లు దాటితే ఈ బీమా ఉండదు కాబట్టి దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

వీలునామాలో ఒక సర్వే నంబరు, పాస్‌బుక్‌లో ఇంకొకటి

వీలునామాలో 214లో 3 ఎకరాల 20 గుంటలు అని ఉంటుంది. పాస్‌బుక్‌లో 214/అ/1, 2 ఎకరాల 35 గుంటలు. మధ్యలో అన్నదమ్ముల పంపకమో, కొంత అమ్మకమో జరిగి ఉంటుంది. 2016కు ముందు రాసిందైతే జిల్లా, మండలం పేర్లు కూడా మారిపోయి ఉండొచ్చు. తెలంగాణ భూ రికార్డుల చట్టం భూభారతి ప్రకారం, వీలునామాలోని భూమిని కొత్తవాళ్ల పేరుకు మార్చే ముందు తహసీల్దార్ విచారణ చేస్తారు, వారసులకు నోటీసులిస్తారు. అభ్యంతరం పెట్టాలనుకునేవాళ్లకు ఈ తేడా చాలు.

పాత కాగితం మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు వద్దు. సాక్షుల సంతకాలు లేని దిద్దుబాటు చెల్లదు. ఇప్పటి పాస్‌బుక్ ఎదురుగా పెట్టుకుని, వెనకటిది రద్దు చేస్తున్నానని రాస్తూ కొత్తది రాయండి. ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవాళ్లు కాకుండా, మీకన్నా చిన్న వయసువాళ్లను పిలవండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, నా మాటగా చేయించండి, గొడవలు తగ్గుతాయి.

రాసిచ్చిన భూమే లేదు

అమ్మేశారు, లేదా ప్రాజెక్టు కింద పోయింది. అప్పుడు ఆ రాత వీగిపోతుంది, పరిహారం డబ్బు దానంతటదే ఆ బిడ్డకు రాదు. మిగిలిన ఆస్తి, ఇకముందు వచ్చే ఆస్తి ఎవరికో ఒక వాక్యం చేర్చండి.

నామినీ ఒకరు, వీలునామాలో పేరు ఇంకొకరిది

బ్యాంకు డబ్బు నామినీ చేతికి వస్తుంది, అంతమాత్రాన అది అతని సొంతం కాదు. షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే డబ్బు వాళ్లదే. రెండు చోట్లా ఒకే పేర్లు పెట్టడం మేలు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. పీఎఫ్‌లో పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు, కొత్తది ఇవ్వాలి.

ఆడబిడ్డ కేసు వేసింది

తాతల నాటి భూమంతా కొడుకులకే రాశారు. హిందూ కుటుంబంలో ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన వాటా వరకే వీలునామా రాయగలడు. 2005 సవరణతో కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. కట్నం ఇచ్చాం కదా అన్న మాట కోర్టులో నిలవదు. ఏది స్వార్జితమో, ఏది పిత్రార్జితమో విడిగా రాయండి. ఆమెను కూర్చోబెట్టుకుని మాట్లాడాకే పంపకం తేల్చండి. ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు, వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

వీలునామా ఉందని తెలుసు, కాగితం దొరకడం లేదు

రిజిస్టర్ అయి ఉంటే, రాసినవాళ్లు పోయాక అదే ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. అందుకే డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు ఒక చీటీ మీద రాసి పాస్‌బుక్ కవర్‌లో పెట్టండి, ఆ సంగతి ఇంట్లో ఇద్దరికి చెప్పండి.