పోకర్ పాఠాలు – 5: మన వంతుకు ముందే రెయిజ్ వస్తే

పోయిన పాఠంలో, ముందెవరూ పందెం పెంచనప్పుడు ఏ ముక్కలతో ఆట మొదలుపెట్టాలో చూశాం. కళావరు ఆసు, డైమను జాకీ పడితే బటన్ (ముక్కలు పంచేవాడి స్థానం) దగ్గర కూర్చున్నవాళ్ళు నిశ్చింతగా రెయిజ్ చేయొచ్చు, అంటే పందెం పెంచొచ్చు అనుకున్నాం. ఈరోజు కూడా అవే ముక్కలు. కాకపోతే తొమ్మిదిమంది ఉన్న టేబుల్‌లో అందరికంటే ముందు మాట్లాడాల్సిన (వంతు ఆడాల్సిన) ఆటగాడు రెయిజ్ చేశాడు, తర్వాత మీ వంతు వచ్చింది.

నేర్చుకునే రోజుల్లో నేను ఆసు-జాకీ కనబడితే చాలు, ఎవరు పెంచినా కాల్ చేసేవాణ్ణి, అంటే అంతే పందెం నేనూ కట్టేవాణ్ణి. టేబుల్ మీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో ఆసు పడేది, నాకు జత కుదిరేది, చివరిదాకా కట్టుకుంటూ పోయేవాణ్ణి. తీరా చూస్తే అవతల ఆసు-రాజు ఉండేది. దురదృష్టం అనుకుంటూ చాలాకాలం గడిపేశాను. ఒకరోజు పేక కట్ట ముందేసుకుని లెక్కపెడితే అసలు విషయం అర్థమైంది. మీరూ ఆ పని చేయండి, చదివి వదిలేయకండి.

కట్టలోంచి మీ ఆసు, జాకీ తీసి పక్కన పెట్టండి. ఆ ఆటగాడి వెనక ఇంకా ఎనిమిదిమంది మాట్లాడాలి. అయినా పెంచాడంటే గట్టి ముక్కలే ఉండాలి. పదుల జత, అంతకంటే పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి ఉన్నాయనుకుందాం. మిగిలిన ముక్కల్లో ఇవి ఎన్ని రకాలుగా రావచ్చో నేల మీద పరిచి చూడండి. మీ దగ్గర ఒక ఆసు ఉంది కాబట్టి ఆసుల జత మూడు రకాలుగానే వస్తుంది. జాకీల జత కూడా మూడే. రాజులు ఆరు, రాణులు ఆరు, పదులు ఆరు. ఆసు-రాజు పన్నెండు, ఆసు-రాణి పన్నెండు. మొత్తం 48.

ఈ 48లో మీ ఆసు-జాకీ ముందంజలో ఉన్నది ఒక్కటీ లేదు. పదుల జత మీద మాత్రం సగానికి కాస్త తక్కువ అవకాశం ఉంది. రాజులు, రాణుల జతల మీద పదింట మూడు. ఆసు-రాజు, ఆసు-రాణి మీద దాదాపు నాలుగింట ఒకటి. ఈ చివరి రెండే 24 రకాలు, అంటే సరిగ్గా సగం. ఆసు పడితే ఇద్దరికీ జత కుదురుతుంది, రెండో ముక్క దగ్గర మీరు ఓడిపోతారు. ఏమీ తగలనప్పుడు పోయేది కొద్దిగానే. జత తగిలినప్పుడే ఎక్కువ పోతుంది. నన్ను ముంచింది ఇదే.

ముందుగా పెంచడానికి చాలిన ముక్కలు, పెంచినవాడిని ఎదుర్కోవడానికి చాలవు. పోకర్ పుస్తకాల రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ ఈ తేడానే ‘గ్యాప్’ అన్నారు. ముందు మీరే పెంచితే గెలవడానికి రెండు దారులుంటాయి: అందరూ ఫోల్డ్ చేయడం (ముక్కలు వదిలేయడం), లేదా చివర్లో మీ ముక్కలే పెద్దవి కావడం. కాల్ చేస్తే ఆ మొదటి దారి మూసుకుపోతుంది.

రమ్మీ ఆడేవాళ్ళకి డ్రాప్ సంగతి నేను చెప్పక్కర్లేదు. అక్కడ మొదటి డ్రాప్‌కే 20 పాయింట్లు రాస్తారు. ఇక్కడ బ్లైండ్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందెం) కట్టనివాళ్ళకి ఫోల్డ్ చేస్తే ఒక్క చింతపిక్క కూడా పోదు. అందుకే పై సందర్భంలో ఆసు-జాకీ ఫోల్డ్ చేయండి. బాధగానే ఉంటుంది, అయినా చేయండి.

అదే రెయిజ్ బటన్ నుంచి వస్తే లెక్క మారిపోతుంది. అతని వెనక మిగిలింది బ్లైండ్లు ఇద్దరే. ఆసు-తొమ్మిది, రాజు-పది, చిన్న జతలతో కూడా పెంచుతాడు. వాటిలో చాలావాటికంటే మీ ఆసు-జాకీ మెరుగు. పైగా మీరు పెద్ద బ్లైండ్‌లో ఉంటే కొంత ముందే కట్టేశారు. బ్లైండ్లు 1, 2 చింతపిక్కలు, రెయిజ్ 6, చిన్న బ్లైండ్ ఫోల్డ్ అనుకోండి. మధ్యలో 9 పిక్కలున్నాయి, మీరు వేయాల్సింది 4. మొత్తం 13 అవుతాయి, అందులో మీ వంతు 4, అంటే సుమారు 31 శాతం. గెలిచే అవకాశం అంతకంటే కాస్త ఎక్కువ ఉంటేనే కాల్ చేయండి. ఆ ‘కాస్త’ ఎందుకంటే, ఇకపై ప్రతి రౌండులో అతనికంటే ముందు మాట్లాడాల్సింది మీరే.

చిన్న జతల దారి వేరు. అయిదుల జత ఉంటే టేబుల్ మీద పడే మొదటి మూడు ముక్కల్లో మరో అయిదు పడేది ఎనిమిది, తొమ్మిదిసార్లకి ఒకసారి. అందుకే కాల్‌కి 6 పిక్కలు పెట్టాలంటే మీ దగ్గరా, అవతలివాడి దగ్గరా కనీసం 90 నుంచి 120 దాకా ఉన్నాయో లేదో చూడండి. అతని దగ్గర 30 మాత్రమే ఉంటే, మూడో అయిదు పడినా మిగతాసార్లు పోయిందంతా తిరిగి రాదు.

డబ్బు బదులు పిక్కలతోనే ఎందుకు అని కొందరు అడిగారు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అది అలా ఉంచినా, జేబులో డబ్బు పోతోందన్న టెన్షన్‌లో ఈ లెక్కలు బుర్రకెక్కవు.

వచ్చే పాఠానికి ముందు ఇంకో లెక్క చేసి ఉంచండి. ఈసారి ఆసు-జాకీ బదులు రాణుల జత పక్కన పెట్టి, ముందు అనుకున్న ముక్కలే అవతల ఎన్ని రకాలుగా వస్తాయో, వాటిలో ఎన్నింటికంటే మీరు ముందున్నారో కాగితం మీద రాయండి. తిరిగి రెయిజ్ చేయడం గురించి ఆ కాగితంతోనే మొదలుపెడదాం.