గ్రాఫిక్స్ కార్డ్ వేడి – మూడో పాఠం: గది వేడిని తీసివేసి చూడండి

కిందటి పాఠంలో కార్డ్ ఫ్యాన్ల మీద, హీట్‌సింక్ (చిప్ వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) పలకల మధ్య పేరుకున్న దుమ్ము తీశాం. ఆ పని ఇంకా చెయ్యనివాళ్లు ముందు అది ముగించి ఇటు రండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలన్న మాట మరిచిపోకండి. ఈ పాఠంలో లెక్కలున్నాయి. దుమ్ము పట్టిన కార్డ్ మీద ఈ లెక్కలు వేస్తే వచ్చేది దుమ్ము లెక్కే.

మా మేనల్లుడు కాలేజీ చదువు కోసం చెన్నై వచ్చి, వేళచ్చేరిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మనవాళ్లు రోహిణి కార్తె అని భయపడే రోజులకు ముందే, మే మొదటి వారంలోనే ఇక్కడ కత్తిరి ఎండలు మొదలవుతాయి. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, నా కార్డ్ పోయేట్టుంది. బెంగళూరులో నా ఫ్రెండ్‌దీ ఇదే ఆర్‌టీఎక్స్ 3060 కార్డ్, అదే మోడల్. వాడిది 71 డిగ్రీలు దాటడం లేదు, నాది 82 చూపిస్తోంది" అన్నాడు. మర్నాడే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లి, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్పిస్తానని సిద్ధమైపోయాడు. వాడి టెన్షన్ నాకు అర్థమైంది. ఆ కార్డ్ వాళ్ల నాన్న రెండేళ్లు దాచిన డబ్బుతో కొన్నది.

"ఆగరా, ముందు మీ ఫ్రెండ్ గదిలో ఎంత వేడి ఉందో అడుగు" అన్నాను. 24 డిగ్రీలట. మా గదిలో 36. ఇద్దరి ఫ్యాన్లూ 70 శాతం దగ్గర పెట్టించి, ఇద్దరి చేతా ఒకే ఆట, ఒకే చోట ఆడించాను. అంకెలు మారలేదు. 82లోంచి 36 తీసేస్తే 46. 71లోంచి 24 తీసేస్తే 47. మావాడి కార్డే ఒక డిగ్రీ మెరుగు! పేస్ట్ మార్చే పని లేదు.

ఎందుకిలా? ఫ్యాన్ గాలిని చల్లబరచదు. గదిలో ఉన్న గాలినే కార్డ్ మీదికి తోస్తుంది. 3060 నిండుగా పనిచేసేటప్పుడు దాదాపు 170 వాట్ల కరెంటు తింటుంది. ఆ కరెంటంతా చివరికి వేడే అవుతుంది. వేడి గాలిలోకి పోవాలంటే కార్డ్ గాలి కన్నా ఇంత ఎక్కువ వేడిగా ఉండి తీరాలి. ఆ 'ఇంత' అన్నదాన్నే ఈ పాఠాల్లో 'తేడా' అందాం. తేడాను నిర్ణయించేవి వాట్లు, హీట్‌సింక్, ఫ్యాన్ వేగం, క్యాబినెట్‌లో గాలి తిరిగే తీరు. ఊరు మారినా, కాలం మారినా అది పెద్దగా మారదు. అందుకే కార్డ్ ఆరోగ్యం తెలిసేది తేడాలోనే గానీ తెర మీద కనబడే 82లో కాదు.

ఇప్పుడు మీరు కొలవండి. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ చాలు. దాన్ని క్యాబినెట్ ముందువైపు, గాలి లోపలికి వెళ్లే చోట, ఒక అడుగు దూరంలో పెట్టండి. మావాడు మొదట వెనక పెట్టాడు, 44 చూపించింది. అది గది వేడి కాదు, కార్డ్ బయటికి వదిలిన వేడి. కార్డ్ వేడి చూపించి, ఫ్యాన్ వేగం మార్చనిచ్చే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్‌ను ఆటో నుంచి తీసి 70 శాతం దగ్గర కట్టెయ్యండి. ఈ మెట్టు వదలొద్దు. ఆటోలో ఉంటే కార్డ్ వేడెక్కిన కొద్దీ ఫ్యాన్ వేగం పెంచుకుని అసలు తేడాను దాచేస్తుంది. ఆటలో ఒకే చోట 20 నిమిషాలు ఆడి, కార్డ్ వేడి, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటి అంకె), వాట్లు, గది వేడి నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి. గది వేడిని ఆట అయ్యాకే చూడాలి, మొదలుపెట్టే ముందు కాదు. తలుపు మూసిన 10 బై 10 గదిలో రెండు గంటలు ఆడితే మా థర్మామీటర్ 33 నుంచి 36కి ఎక్కింది. కంప్యూటర్ కూడా ఒక చిన్న హీటరే.

తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి ఇదే పరీక్ష మళ్లీ చెయ్యండి. తేడా రెండు మూడు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ బాగానే ఊపిరి తీసుకుంటోందని అర్థం. తిరువాన్మియూర్‌లో ఉండే ఒక నెల్లూరు కుర్రాడి దగ్గర తేడా మూసినప్పుడు 58, తీసినప్పుడు 47 వచ్చింది. ముందువైపంతా గాజే, గాలికి సందే లేదు. చూపుకి అందంగా ఉంటుందని కొన్నాడు. గాజు పలక తీయించి జాలీ పెట్టించాం, ముందు రెండు ఫ్యాన్లు బిగించాం. తలుపు మూసినా తేడా 49కి దిగింది. కార్డ్‌ను ముట్టుకోనేలేదు.

హాట్‌స్పాట్ అంకె కార్డ్ వేడి కన్నా 10 నుంచి 15 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. 25 దాటితే మాత్రం పేస్ట్ ఎండిపోయిందనో, హీట్‌సింక్ సరిగా కూర్చోలేదనో అనుమానించాలి. రిచీ స్ట్రీట్ ప్రయాణం అప్పుడు పెట్టుకోండి. వారంటీ ఉంటే, కార్డ్ విప్పే ముందు దాని షరతులు చదవండి.

తేడా బాగానే ఉంది, కానీ గదే 36 ఉంది. ఏం చెయ్యాలి? ఈ కార్డ్‌కు దాని చిప్ కంపెనీ ఎన్విడియా చెప్పిన గరిష్ఠ హద్దు 93 డిగ్రీలు కాబట్టి 82 ప్రమాదం కాదు. అయినా 80 దాటిన కొద్దీ కార్డ్ తన వేగాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటుంది. ఏసీ వేసి గదిని 26కి తెస్తే కార్డ్ కూడా పది డిగ్రీలు దిగుతుంది. ఏసీ లేనివాళ్లకు నేను చెప్పే మొదటి మందు పవర్ లిమిట్, అంటే కార్డ్ తినే కరెంటుకు పెట్టే హద్దు. ఆఫ్టర్‌బర్నర్‌లో దాన్ని 75 శాతానికి దింపండి. 170 వాట్లు 127 అవుతాయి. తేడా దాదాపు వాట్లతో పాటే తగ్గుతుంది కాబట్టి 46 కాస్తా 34 దగ్గరికి వస్తుంది. మావాడి కార్డ్ అదే 36 డిగ్రీల గదిలో 71 దగ్గర ఆగింది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు కార్డ్ గీసే ఫ్రేముల లెక్క) 92 నుంచి 86కి వచ్చింది, అంతే. పావు వంతు కరెంటు తగ్గితే పావు వంతు వేగం పోవాలి కదా అని వాడు అడిగాడు, మంచి ప్రశ్న. చివరి కొద్దిపాటి వేగం కోసం కార్డ్ వోల్టేజీ పెంచుకుంటుంది. కరెంటు ఖర్చు ఆ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మనం కోసేది ఆ ఖరీదైన చివరి ముక్కనే.

మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే (సెకనుకు 60 ఫ్రేములే చూపగలదన్నమాట) పవర్ లిమిట్ కన్నా ముందు ఎఫ్‌పీఎస్‌ను 60కి కట్టెయ్యండి. కంటికి కనబడని ఫ్రేముల కోసం కార్డ్ ఎందుకు కాలాలి? సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తూర్పు కిటికీ తెరిచి ఆడండి. బీచ్‌కు మరీ దగ్గరగా ఉన్నవాళ్లు మాత్రం మూడు నెలలకోసారి స్క్రూలకు, హీట్‌సింక్‌కు తుప్పు పడుతోందేమో చూసుకోవాలి. ఆ గాలిలో ఉప్పుంటుంది.

వచ్చే పాఠంలో వోల్టేజీ గీతను, అంటే ఏ వేగానికి కార్డ్ ఎంత వోల్టేజీ తీసుకోవాలో చెప్పే గీతను, మన చేత్తో దింపుతాం. దానికి మూడు రోజుల రీడింగులు కావాలి: ఒకటి మధ్యాహ్నం రెండింటికి, ఒకటి రాత్రి పదికి, ఒకటి తెల్లవారుజామున. మూడింటిలోనూ తేడా రెండు మూడు డిగ్రీల లోపే అటూ ఇటూ ఉండాలి. అంతకన్నా ఎక్కువ వస్తే ముందు ఫ్యాన్ 70 దగ్గరే ఉందో లేదో చూసి, మళ్లీ కొలవండి.