రిటైర్‌మెంట్ కమ్యూనిటీ మీకు సరిపడుతుందా? తేల్చుకోవడం ఎలా?

కోయంబత్తూరులో రిటైర్‌మెంట్ కమ్యూనిటీని ఒక ఆదివారం చుట్టి వచ్చి, సోమవారం అడ్వాన్సు కట్టేసినవారు నాకు తెలిసి నలుగురు. వారిలో ఇద్దరు ఏడాది తిరగకుండానే ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఒకరు మా పెద్ద బావగారే. బంధుమిత్రుల కోసం ఇలాంటి చోట్లు పదిహేను దాకా చూశాను కాబట్టి చెబుతున్నాను, కింద చెప్పిన మెట్ల వరుస తప్పించకండి.

మొదట, అదేమిటో తెలుసుకోండి. ఇది వృద్ధాశ్రమం కాదు. తమ పనులు తాము చేసుకోగలిగిన, 55 లేదా 60 దాటినవారి కోసం కట్టిన ఇళ్ల సముదాయం. వంట, తోట, కారే కొళాయి వంటి బెడదలు నిర్వాహకులు చూసుకుంటారు. 1960లో అమెరికాలోని అరిజోనాలో డెల్ వెబ్ అనే బిల్డర్ తెరిచిన సన్ సిటీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. అక్కడ గోల్ఫ్ ఆకర్షణ, మన దగ్గర గుడీ భోజనశాలా.

రెండోది, ఒక వారం మీ దినచర్య రాయండి. ఎవరితో మాట్లాడారు, ఎక్కడికి నడిచారు, ఏ పని విసిగించింది. ఒక నోటుపుస్తకం చాలు.

మూడోది డబ్బు. నెలవారీ మెయింటెనెన్స్, భోజనం, జీఎస్టీ కలిపి అడగండి. ఏటా ఎంత పెంచుతారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక నాలుగోది, అందరూ చెడగొట్టేది ఇదే. నెల రోజులు అద్దెకు ఉండి చూడాలి. చాలాచోట్ల అతిథి గదులుంటాయి, కొందరు యజమానులు ఖాళీ ఇళ్లు అద్దెకిస్తారు. మూడు రోజులు చాలవు. ఆ మూడు రోజులూ మిమ్మల్ని కొత్త అల్లుడిలా చూస్తారు. నాలుగో రోజు గానీ అసలు రంగు బయటపడదు. సంక్రాంతికి వెళ్లకండి, పండగకు ఏ చోటైనా కళకళలాడుతుంది. పిల్లలెవరూ రాని మామూలు రోజుల్లో వెళ్లాలి.

మూడు పూటలా భోజనశాలలోనే తినండి, గదిలో పొయ్యి వెలిగించకూడదు. కోయంబత్తూరు వైపు చాలా భోజనశాలల్లో శాకాహారమే. సాంబారు, రసం, పొరియల్ అనే తమిళ వేపుడు. పప్పు, ఆవకాయ మరిగిన నాలుక రెండు వారాలు సర్దుకుంటుంది, మూడో వారం అలుగుతుంది. కోడికూర లేనిదే ఆదివారం గడవదన్న సంగతి మా బావగారికి అడ్వాన్సు కట్టాక గుర్తొచ్చింది.

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా బయట బెంచీ మీద కూర్చోండి. ఎవరు ఎవరితో కలుస్తున్నారో, ఏ భాషలో నవ్వుతున్నారో గమనించండి. ఇంగ్లిషుతో నెట్టుకురావచ్చని మగవారు తేలిగ్గా అనేస్తారు. ఆఫీసులో అలవాటైన పని అది. మా అక్కకు తెలుగు తప్ప రాదు. పేకాట బల్ల దగ్గర బావగారికి చోటు దొరికింది, తమిళ ప్రవచనంలో ఆమె తల ఊపుతూ కూర్చుంది.

అందుకే భార్యాభర్తలు ఆ నెల ఎలా గడిచిందో విడివిడిగా రాసుకోవాలి. నెలాఖరు దాకా ఒకరిది ఒకరు చూడకూడదు. అందులో ఒక ప్రశ్న తప్పనిసరి: జోడు పోయాక నేను ఒంటరిగా ఇక్కడ ఉండగలనా? అమ్మకాల సిబ్బంది పరిచయం చేసే నవ్వుమొహాల దంపతులను పక్కనపెట్టి, అక్కడ ఒంటరిగా ఉంటున్నవారిని వెతికి మాట్లాడండి. నెల ముగిశాక ఇద్దరిలో ఒక్కరు కాదన్నా, కాదనే.

కొందరు వసతులకు మార్కులు వేసి కూడుకుంటారు. ఈత కొలనుకు పదికి పది వేసిన నా స్నేహితుడు నీళ్లలో దిగి ముప్పై ఏళ్లయింది. మార్కుల పద్ధతి నాకు నచ్చదు, మీరూ వాడకండి.

చివరిది కాగితాలు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు ఉందో లేదో చూడండి. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్‌మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. ఒప్పందాన్ని వాటితో పోల్చండి. మంచాన పడితే ఉండనిస్తారా, ఆ ఖర్చెవరిది అని అడగండి. ఇల్లు పిల్లలకు దక్కినా, వయసు నిబంధన ఉంటే వాళ్లు అందులో కాపురం పెట్టలేరు. అమ్మాలన్నా ఆ వయసు కొనుగోలుదారే దొరకాలి. బావగారి ఇంటికి రెండేళ్లుగా వస్తున్నవారంతా చూసి, భోజనం చేసి, వెళ్లిపోతున్నారు.