ఊరూ డేటా సెంటరూ: పరిశోధన పాఠాలు – 4. నీళ్ల లెక్క

గత పాఠంలో ఊళ్లను ఎంచుకున్నాం. షాద్‌నగర్ చుట్టుపక్కల డేటా సెంటర్‌ను ఆనుకున్న ఊరు ఒకటి, అదే గ్రానైటు నేల మీద వేరే వాగు కింద ఉన్న పోలిక ఊరు ఒకటి. ఇక నీళ్లు. ఊళ్లో మొదట వచ్చే మాట ఇదే, వైవాలో, అంటే పరిశోధన మీద జరిగే మౌఖిక పరీక్షలో, గట్టిగా పట్టుకునే ప్రశ్న కూడా ఇదే. "ఆ కంపెనీ వచ్చినంక బోర్లు ఎండినయి" అని ఊరు అంటుంది. "మాకు బోరు నీళ్లతో పనిలేదు" అని కంపెనీ చెప్పవచ్చు. ఈ రెంటి మధ్య నిలబడేది లెక్క ఒక్కటే. అందుకని రెండు వైపుల నీళ్ల అంకెలనూ ఒకే కాగితం మీద, ఒకే కొలతలో, అంటే రోజుకు లీటర్లలో, ఒకే నెలకు రాయడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

డేటా సెంటర్ వైపు నుంచి మొదలుపెడదాం. సర్వర్లు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఒక యూనిట్ కరెంటు వేడిని ఆవిరి పద్ధతిలో తీసేయాలంటే దాదాపు ఒకటిన్నర లీటర్ల నీళ్లు ఆవిరి కావాలి. ఆవిరి పైకి పోతుంది, ఉప్పులు కూలింగ్ టవర్ తొట్టిలోనే మిగులుతాయి. అవి చిక్కబడినప్పుడల్లా కొంత నీటిని వదిలేసి కొత్త నీళ్లు పోస్తారు, దీన్నే బ్లోడౌన్ అంటారు. ఉప్పులు నాలుగింతలయ్యేదాకా ఆగగలిగితే యూనిట్‌కు మొత్తం 2 లీటర్లు పడతాయి. రెండింతలకే వదలాల్సి వస్తే 3 లీటర్లు. మన గ్రానైటు భూగర్భ జలంలో కఠినత్వం, సిలికా ఎక్కువ కాబట్టి బోరు నీళ్లను శుద్ధి చేయకుండా వాడితే లెక్క ఆ రెండో అంకె వైపు జరుగుతుంది.

ఒక మెగావాట్ ఐటీ లోడు, అంటే సర్వర్లే తాగే కరెంటు, రోజంతా నడిస్తే 24,000 యూనిట్లు. అంటే 48,000 నుంచి 72,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే సుమారు పది నుంచి పదిహేను. ఇది సర్వర్ల వేడంతా ఆవిరి పద్ధతిలోనే పోతుందనుకున్న లెక్క. అడయబాటిక్ పద్ధతి (ఎండ ఎక్కువైనప్పుడు మాత్రమే గాలిని నీటితో తడిపి చల్లబరచడం) ఉన్నచోట చల్లటి నెలల్లో నీళ్లు చాలా తక్కువ పడతాయి. గాలితో చల్లబరిచే చిల్లర్లు (శీతలీకరణ యంత్రాలు) అయితే నీళ్లు దాదాపు ఉండవు, కరెంటు పెరుగుతుంది. చల్లబరచడానికి నీటిని ఆవిరి చేయని కొత్త డిజైన్‌ను మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించింది. కాబట్టి ఒకే కంపెనీ పాత భవనానికి, కొత్త భవనానికి ఒకే అంకె వాడకూడదు. ముందు కూలింగ్ రకం తేల్చుకున్నాకే గుణకారం.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది మెగావాట్ల దగ్గర. పేపర్లో వచ్చే మెగావాట్లు అన్ని దశలూ పూర్తయ్యాక ఉండే సామర్థ్యం. మొదటి ఏళ్లలో ర్యాకులు సగం కూడా నిండకపోవచ్చు. విద్యుత్ సంస్థతో ఒప్పందమైన గరిష్ఠ డిమాండు వేరు, నడిచే లోడు వేరు, అందులో ఐటీ వాటా ఇంకా వేరు. ఈ నాలుగింటికీ నాలుగు గడులు పెట్టి, తెలిసినవే నింపండి.

అంకెలు దొరికే చోటు ఉంది. 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం దాటిన భవనాలకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. వాటిలో నీటి పట్టిక వెతకండి. నిర్మాణ దశ నీళ్లు, సిబ్బంది వాడకం, కూలింగ్ మేకప్ నీళ్లు (ఆవిరికి, బ్లోడౌన్‌కు పోయినదానికి బదులు పోసేవి) వేర్వేరు వరుసల్లో ఉంటాయి. మనకు కావలసింది మూడోది, దాని ఎదురుగా రాసిన వనరు. నిర్మాణ దశ అంకెను శాశ్వత వాడకంగా రాసేస్తే ఆ అధ్యాయం అక్కడే కూలిపోతుంది. భవన నిర్మాణాల తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది కాబట్టి ఊరివాళ్లు ఆ కాగితం చూసి ఉండకపోవచ్చు. ఒక ప్రతి అచ్చు తీసి పంచాయతీలో ఇవ్వండి. వాళ్ల ఊరి సంగతి వాళ్ల చేతిలో ఉండాలి. పోర్టల్‌లో దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, జవాబుకు గడువు 30 రోజులు.

ఇక ఊరి వైపు. పాత లెక్కలు వెతికేటప్పుడు జాగ్రత్త. షాద్‌నగర్ ప్రాంతం 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత రంగారెడ్డి. నందిగామ మండలం అప్పుడు కొత్తూరులోంచి విడిపోయింది. 2011 జనగణన, అప్పటి భూగర్భ జల నివేదికలు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. జనగణనలోని ఊరి కోడ్‌తో జోడించండి, జిల్లా పేరుతో వెతికితే సగం దొరకవు.

బోరు ఎన్ని నీళ్లు పోస్తుందో మనమే కొలవాలి. "ఇంచున్నర పోస్తది" అన్న రైతు మాటను అలాగే రాసుకోండి, కానీ అది లీటర్ల కొలత కాదు. 200 లీటర్ల డ్రమ్మును పైపు మొదట్లోనే పెట్టండి. పొలం చివర పెడితే దారిలో లీకైనదంతా బోరు తప్పుగా మారుతుంది. మోటరు వేసిన అరగంట తర్వాతే మొదటి కొలత, ఎందుకంటే రాత్రంతా బోరులో ఊరిన నీళ్లు మొదట్లో జోరుగా వస్తాయి. నిండడానికి పట్టిన సెకన్లు మూడుసార్లు కొలిచి సగటు తీయండి. 80 సెకన్లు పడితే నిమిషానికి 150 లీటర్లు, గంటకు 9,000. తర్వాత, ఎన్ని గంటలకు ఆగి ఆగి పోయడం మొదలవుతుందో అడగండి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు, ఆటో స్టార్టరు ఉన్న చోట మోటరు ఎన్ని గంటలు తిరిగిందో రైతుకే సరిగ్గా తెలియకపోవచ్చు. అలాంటి రెండు మూడు బోర్లకు యజమాని ఒప్పుకుంటే, మోటరు తిరిగిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటరు బిగించడమే మార్గం.

నీటిమట్టం కొలవడం ఇంకా సున్నితమైన పని. మోటరున్న బోరైతే అది కనీసం ఒక రాత్రి ఆగి ఉండాలి. కానీ అలాంటి బోరులో కేసింగుకు (బోరు గోడకు దించిన వెడల్పు గొట్టానికి), పైపుకు మధ్య టేపు దించితే వైరుకు చుట్టుకుంటుంది. లాగితే రైతుకు వేల రూపాయల నష్టం. అందుకే వీలైనంతవరకు మోటరు లేని బోరునే ఎంచుకోండి. కేసింగు పైఅంచు నుంచి కొలిచి, అది నేల మీద ఎంత ఎత్తుందో తీసేయండి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి, రెండు ఊళ్లలో అదే వారంలో కొలవాలి. గ్రానైటులో నీళ్లు పగుళ్ల వెంట పోతాయి. వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు ఉండొచ్చు, ఒక్క బోరుతో ఊరి సంగతి చెప్పలేం.

బోరు చరిత్రకు ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. "డేటా సెంటర్ వల్ల నీళ్లు తగ్గినయా?" అని అడిగితే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. "అన్నా, ఈ బోరు ఏ సాల్ల ఏపిచ్చినవ్? అప్పుడు ఎన్నించులు పడ్డయి? ఎన్ని ఫీట్లకు పడ్డయి? మోటరు ఎన్నిసార్లు దించినవ్?" అని అడగండి. ఏడాది గుర్తు రాకపోతే తెలంగాణ వచ్చినప్పుడా, నోట్ల రద్దు అప్పుడా, కరోనా అప్పుడా అని గుర్తు చేయండి. ఇంటి నీళ్ల సంగతి మాత్రం ఆడవాళ్లనే అడగాలి. నల్లా ఏ పొద్దున రాలేదో వాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు రెండు వైపులూ పక్కపక్కన పెట్టండి. ఎకరం యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే 120 రోజులకు 48 లక్షల లీటర్ల పైచిలుకు, అంటే రోజుకు 40,000. తక్కువ అంకె 48,000 తీసుకున్నా, ఆవిరి పద్ధతిలో నడిచే ఒక మెగావాట్ ఎకరం వరి కంటే కాస్త ఎక్కువే తాగుతుంది. 30 మెగావాట్లయితే దాదాపు 36 ఎకరాలు. అయితే వరి నాలుగు నెలలే, డేటా సెంటర్ ఏడాదంతా. వరి నీళ్లలో కొంత తిరిగి నేలలోకి ఇంకుతుంది, ఆవిరైంది ఇంకదు. వనరు పైపులైనో, శుద్ధి చేసిన మురుగునీరో అయితే ఊరి బోర్ల గడిలో పడేది సున్నా. అప్పుడు బ్లోడౌన్ ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న.

ఇంకో చిక్కుముడి భూమిది. డేటా సెంటర్ వస్తే భూమి ధర పెరుగుతుంది, 44వ జాతీయ రహదారి వెంట వెంచర్లు లేస్తాయి. వెంచర్లు కొత్త బోర్లు వేస్తాయి, కానీ వరి పొలాలు పడావు పడితే నీటిమట్టం పెరగనూ వచ్చు. పెరిగిందని ప్రభావం లేదనకండి. పంట పోయి పెరిగిన నీళ్లు, వాన బాగా పడి పెరిగిన నీళ్లు వేర్వేరు కథలు. వరి ఎకరాలు, వాన, వెంచర్ బోర్లు, ఈ మూడింటికీ ఏటేటా గడులు ఉంటేనే పోలిక ఊరు పనికొస్తుంది.

అభ్యాసం: మీ రెండు ఊళ్లలో పదేసి బోర్లు ఎంచుకోండి. అందులో సగం చిన్నకారు రైతులవి, కనీసం రెండు కౌలు రైతులు నడిపేవి ఉండాలి. డ్రమ్ము కొలతలు, బోరు చరిత్ర నింపి, పరివేష్ పట్టికలోని కూలింగ్ వరుసను పక్కన రాయండి. 5వ పాఠం భూమి రికార్డులది, పహాణీలు అప్పటికి చేతిలో ఉండాలంటే దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.