పాత అమెరికా సైనిక కత్తిని గుర్తుపట్టడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా కత్తులను సేకరించదలచిన విజయవాడ, గుంటూరు వాసులు ముందుగా అలుగు పొడవు కొలవాలి. మెరైన్ దళం 1942 చివర స్వీకరించిన కా-బార్ తరహా కత్తికి 7 అంగుళాల అలుగు, తోలు బిళ్లలు పేర్చి బిగించిన పిడి ఉంటాయి. కామిల్లస్, రోబ్సన్, పాల్ సంస్థలు కూడా ఈ నమూనాను తయారుచేశాయి కనుక, కా-బార్ పేరు లేదని మంచి కత్తిని వదులుకోవడం తెలివితక్కువ పని. 1943 నాటి ఎం3 ట్రెంచ్ కత్తి అలుగు సన్నగా, 6.75 అంగుళాలు ఉంటుంది. పిడికీ అలుగుకీ మధ్య ఉండే దాని అడ్డుపట్టీ ఒక కొస బొటనవేలు ఆనేలా వంగి ఉంటుంది. తొలినాటి ఎం3పై తయారీదారు పేరు అలుగు మీద, తరువాతి వాటిపై అడ్డుపట్టీ మీద కనిపిస్తుంది.

ఈ తయారీదారు పేరు ముద్రను భూతద్దంతో చూడండి. అక్షరాల గాడిలోనూ చుట్టూ ఉన్న బూడిదరంగు పూతే ఉంటే నమ్మకం పెరుగుతుంది. పూతను చీల్చుకుని లోపల లోహం తళతళలాడుతుంటే ఆ ముద్ర ఇటీవల కొట్టినదని అనుమానించాలి. కొన్నాక మెరుపు కోసం ఆటోనగర్‌లో బఫింగ్ (యంత్రంతో రుద్ది మెరుగుపెట్టడం) చేయించకండి, అసలు పూతతోపాటు విలువా పోతుంది. కృష్ణాతీరపు ఉక్కపోతలో తోలు ఒర తేమ పీల్చి ఉక్కును తుప్పు పట్టిస్తుంది కనుక, కత్తిని బయటికి తీసి, కుట్టుమిషన్ నూనె పలుచగా రాసి, ఒరను విడిగా భద్రపరచాలి. తుపాకీ కొసకు బిగించే ఎం1 బాయొనెట్ కత్తి అలుగు 10 అంగుళాలు; ఆయుధ నిబంధనలు 9 అంగుళాలు దాటినవాటిని ప్రత్యేకంగా పేర్కొంటాయి కాబట్టి, అలాంటిది కొనేముందు పోలీసు స్టేషనులో విచారించాలి.