డీజిలా, పెట్రోలా? మీ బండి తిరిగే దారిని బట్టి తేల్చుకోండి

షోరూంకి వెళ్లే ముందు ఒక నెలపాటు మీ తిరుగుడంతా నోటుబుక్కులో రాయండి. నెలకు మొత్తం ఎన్ని కిలోమీటర్లన్నది ఒక్కటే చాలదు. ఇంజిన్ స్టార్ట్ చేశాక మళ్లీ ఆపేలోపు ఎంత దూరం వెళ్లారు, అందులో 60 దాటిన వేగంతో ఎన్ని నిమిషాలు నడిపారు, ఎంతమంది ఎక్కారు, ఇవి కూడా రాయాలి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి బజారుకి, అక్కడి నుంచి అరసవల్లికి, సాయంత్రం ఆమదాలవలస స్టేషనుకి తిరిగే బండి నెలకు వెయ్యి కిలోమీటర్లు పోగేసినా అది డీజిల్‌కి తగిన తిరుగుడు కాదు. అవే వెయ్యి కిలోమీటర్లు పలాస నుంచి విశాఖకి మూడుసార్లు వెళ్లి రావడంతో అయితే డీజిల్ గురించి ఆలోచించొచ్చు. చాలామంది మైలేజీ చూసి కొని, రెండేళ్లకి హెచ్చరిక లైటు వెలిగితే షెడ్ల చుట్టూ తిరిగేది ఈ తేడా తెలియకే.

ముందు డబ్బు లెక్క. ఒకే మోడల్‌లో పెట్రోల్, డీజిల్ రెండింటికీ ఆన్ రోడ్ కొటేషన్ రాయించుకోండి. ఎక్స్-షోరూం ధరల తేడా చూసి సరిపెట్టుకోకండి. లైఫ్ ట్యాక్సు ధర మీద శాతంగా పడుతుంది, ఇన్సూరెన్సు కూడా ధరను బట్టే పెరుగుతుంది. కాబట్టి లక్షన్నర అని చెప్పిన తేడా ఆన్ రోడ్‌కి వచ్చేసరికి లక్షా డెబ్బై ఐదు వేలు కావచ్చు. ఇంకొకటి: 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవున్న కార్లలో 1200 సీసీ దాటని పెట్రోల్‌కి, 1500 సీసీ దాటని డీజిల్‌కి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. అందువల్ల కొన్ని చిన్న కార్లలో 1500 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఎక్కువ పన్నులో పడితే, అదే సైజు డీజిల్ తక్కువ పన్నులో ఉంటుంది. ఏ వేరియంట్‌ని దేనితో పోలుస్తున్నారో చూసుకోండి.

తర్వాత మైలేజీ. బ్రోచర్‌లోది వద్దు, డ్యాష్‌బోర్డు చూపించేది కూడా పూర్తిగా నమ్మకండి. అదే ఇంజిన్ ఉన్న బండి తెలిసినవాళ్ల దగ్గర ఉంటే ట్యాంకు నుంచి ట్యాంకు పద్ధతిలో చూడమని అడగండి. బంకులో పైపు దానంతట అది కట్ అయ్యేదాకా కొట్టించి రీడింగ్ రాసుకోవాలి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ కట్ అయ్యేదాకా కొట్టించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తెలుస్తుంది. కట్ అయ్యాక "ఇంకో వంద రూపాయలకి రౌండ్ చేద్దాం" అంటే ఒప్పుకోకండి, లెక్క అక్కడే చెడిపోతుంది.

ఇప్పుడొక ఉదాహరణ. పెట్రోల్ లీటరు 110, డీజిల్ 98 అనుకోండి. మీ ఊరి బంకు బోర్డు మీద ఎంతుంటే అంతే వేసుకోండి. పెట్రోల్ కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకి 7 రూపాయల 33 పైసలు. డీజిల్ 19 ఇస్తే 5 రూపాయల 16 పైసలు. తేడా 2 రూపాయల 17 పైసలు. డీజిల్ సర్వీసు, ఫిల్టర్ల ఖర్చు పదివేల కిలోమీటర్లకి 2,500 ఎక్కువ అవుతుందనుకుంటే, కిలోమీటరుకి పావలా తీసేయాలి. మిగిలేది 1 రూపాయి 92 పైసలు. కొన్నప్పుడు అదనంగా పెట్టిన 1,75,000 తిరిగి రావాలంటే దాదాపు 91 వేల కిలోమీటర్లు తిరగాలి.

నెలకు 600 తిరిగేవాళ్లకి దానికి పన్నెండేళ్లు దాటుతుంది. 2,000 తిరిగేవాళ్లకి నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది. కారు అప్పు మీద కొంటే ఆ అదనపు సొమ్ముకీ వడ్డీ ఉంటుంది. 9 శాతం వడ్డీతో ఐదేళ్లకి 1,75,000 కాస్తా 2,18,000 అవుతుంది, 91 వేలు కాస్తా లక్షా పదమూడు వేల కిలోమీటర్లవుతుంది. ఈ వడ్డీ ముక్క సేల్స్‌వాళ్లు వేసే లెక్కలో సాధారణంగా కనపడదు, మీరే కలుపుకోండి.

ఇక పొగ సంగతి. ఇందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి, కలిపేస్తే అయోమయమే. ఒకటి భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోలు, లీటరు డీజిల్ కాలితే సుమారు 2.65 కిలోలు వస్తుంది. లీటరుకి డీజిల్‌దే ఎక్కువ, కానీ మైలేజీ ఎక్కువ కాబట్టి కిలోమీటరుకి తగ్గుతుంది. పై ఉదాహరణలో పెట్రోల్‌కి 153 గ్రాములు, డీజిల్‌కి 139. అయితే ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ లీటరుకి సుమారు 1.5 కిలోలే ఇస్తుంది. ఆ మిశ్రమంతోనే 15 మైలేజీ వస్తుంటే సైలెన్సర్ నుంచి వచ్చేది కిలోమీటరుకి 143 గ్రాములు. అంటే తేడా నాలుగు గ్రాములే. ఇథనాల్‌కి కావలసిన పంట పండించడానికి, దాన్ని కాయడానికి అయ్యే కాలుష్యం వేరే ఉంది. అయినా "డీజిల్ అయితే కార్బన్ బాగా తగ్గుతుంది" అనే మాటకి పాత బలం లేదు.

రెండోది మన వీధిలో పిల్లలు, ముసలివాళ్లు పీల్చే పొగ: మసి రేణువులు, నైట్రోజన్ ఆక్సైడ్లు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బళ్ల పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. బీఎస్-4 డీజిల్ కారుకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకి 250 మిల్లీగ్రాములు, మసి 25. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6లో అవి 80, 4.5. పెట్రోల్ కారుకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 60. కొత్త డీజిల్ పాత డీజిల్‌లాంటిది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ 4.5 వచ్చేది సైలెన్సర్ లైనులో ఉన్న డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ సరిగా పనిచేస్తేనే.

డీపీఎఫ్‌కి దూరప్రయాణం కావాలి. మసి అందులో పేరుకుంటుంది. ఒక మోతాదు దాటాక ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. ఈ పనికి పది, ఇరవై నిమిషాల పాటు ఆగని ప్రయాణం కావాలి. మధ్యలో ఇంటికి చేరి కీ తిప్పేస్తే కాల్చడం సగంలో ఆగిపోతుంది. చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. వారానికోసారి డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ తగ్గడం ఒక జబ్బైతే, పై గీత దాటి పెరగడం ఇంకా పెద్ద జబ్బు. ఆయిల్‌కి డీజిల్ వాసన వస్తుంటే మార్చేయాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే టర్బో, బేరింగులు అరుగుతాయి.

కాల్చడం జరుగుతోందని గుర్తుపట్టొచ్చు. బండి నిలబడి ఉన్నప్పుడు ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మామూలు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, ఆ కాసేపు మైలేజీ పడిపోతుంది, ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, వేడి లోహం వాసన వస్తుంది. అప్పుడు ఆపకుండా ఇంకో పది నిమిషాలు నడపండి. డీపీఎఫ్ లైటు వెలిగితే ట్యాంకులో పావు వంతు పైన డీజిల్ ఉందో లేదో చూసుకోండి, తక్కువుంటే చాలా బళ్లు కాల్చడం మొదలుపెట్టవు. శ్రీకాకుళం వాళ్లు నరసన్నపేట దాకా, విజయనగరం వాళ్లు నాతవలస దగ్గర ఎన్‌హెచ్-16 ఎక్కి, 60 నుంచి 80 వేగంలో, టాప్ గేరుకి ఒకటి తగ్గించి, 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు తోలితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. లైటుతో పాటు బండికి పికప్ పడిపోతే ఇక తోలకండి, సర్వీసు సెంటరులో స్కానర్ పెట్టి కాల్పించాలి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకమే వేయించండి. మామూలు ఆయిల్ కాలితే వచ్చే బూడిద ఫిల్టర్‌లో కూర్చుంటే మసిలా కాలిపోదు.

కొన్ని డీజిల్ కార్లకి నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది యాడ్‌బ్లూ, 32.5 శాతం యూరియా ద్రావణం. నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టడం దాని పని. పూర్తిగా అయిపోతే బండి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. మన ఎండల్లో డిక్కీలో నెలల తరబడి డబ్బా ఉంచితే చెడిపోతుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే కీ కూడా తిప్పకుండా టో చేయించండి. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్‌లో నీరు చేరిందన్న లైటు వెలిగితే ఆ రోజే ఆ నీరు తీయించేయాలి. నీరు ఇంజెక్టర్ల దాకా వెళ్తే బిల్లు వేలల్లో ఆగదు.

పెట్రోల్‌కీ చిన్న దూరాలు మంచివి కావు. సైలెన్సర్ లైనులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కేదాకా మొదటి రెండు మూడు నిమిషాల పొగే ఎక్కువ. కానీ చాలా పెట్రోల్ కార్లకి మసి ఫిల్టర్ బాధ లేదు, నడవగానే సర్దుకుంటుంది. సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశా వైపు ఏడుగురితో, సామానుతో తరచూ వెళ్లేవాళ్లకి మాత్రం డీజిల్ లాగుడు వేరు. ఆ ఎక్కుడులో పెట్రోల్ మైలేజీ ఎక్కువగా పడిపోతుంది, అది లెక్కలో వేసుకోవాలి.

నా సలహా సూటిగా చెప్తాను. నెలకు 1,500 దాటి, అందులో సగానికి పైగా హైవే మీద అయితేనే డీజిల్. అది కూడా ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటేనే. మిగతా అందరికీ పెట్రోల్.

సెకండ్ హ్యాండ్ డీజిల్ అయితే మొదట ఆర్సీలో బీఎస్-4 ఉందా బీఎస్-6 ఉందా చూడండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని తృప్తి పడకండి. డీజిల్‌కి ఆ పరీక్షలో చూసేది పొగ నలుపు మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కొలవరు. బీఎస్-6 అయితే చల్లారిన సైలెన్సర్ పైపులో తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి లోపల తిప్పండి. డీపీఎఫ్ బాగుంటే గుడ్డకి కాస్త బూడిద రంగు దుమ్ము అంటుతుంది. నల్లటి మెత్తటి మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలైనా ఉండాలి, కోసి తీసేసైనా ఉండాలి. కింద నుంచి చూసి వెల్డింగ్ గుర్తులున్నాయేమో వెతకండి. ఉంటే ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ బండి వదిలేయండి. అలాంటి బండి వీధిలో తిరిగినంత కాలం ఆ మసి వెనకాల వచ్చే సైకిలు పిల్లాడి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.